ఎనిమిది పాయింట్లు, ఒక చెరువు

మా తమ్ముడిది తెనాలిలో యాత్రల వ్యాపారం. ఏడాదంతా కాశీ, గయ, చార్‌ధామ్. ఎండలు ముదిరాక కొండ ఊళ్ళు. వంటవాళ్ళనీ బియ్యం బస్తాలనీ ఆవకాయ జాడీలనీ వెంటేసుకుని బయల్దేరే రకం. నా భార్య నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా చేసి రిటైరైంది. ఏ ఊరు తీసుకెళ్ళినా గుడి కంటే ముందు చెరువు గట్టెక్కే మనిషి. ఈ మధ్య వాడు నైనీతాల్ యాత్రకి కరపత్రం రాసుకొచ్చి, అచ్చుకిచ్చే ముందు ఓసారి చూసిపెట్టమని వదినగారి చేతిలో పెట్టాడు. ఆమెకి అక్షరాల్లో తప్పులేవీ కనిపించలేదు. మిగతావి కనిపించాయి. నన్నెవరూ ఏమీ అడగలేదు గనక పక్కన కూర్చుని రాసుకున్నాను. ఆపుకోలేని చోట కుండలీకరణాల్లో దూరాను.

మరిది: ఒక్కసారి వినండి వదినా. "ఢిల్లీ నుంచి రాత్రి ఏసీ బస్సు. తెల్లారేసరికి నైనీతాల్. ఒక్క రోజులో ఎనిమిది పాయింట్లు: నైనాదేవి గుడి, బోటింగ్, రోప్‌వే మీద స్నో వ్యూ, జూ, కేవ్ గార్డెన్, ఖుర్పాతాల్ వ్యూ, లవర్స్ పాయింట్, మాల్ రోడ్డులో షాపింగ్. రాత్రి హోటల్లో బస. మర్నాడు కైంచీధామ్ దర్శనం, ఆ రాత్రికే తిరుగు ప్రయాణం. మూడు పూటలా తెలుగు భోజనం." ఎలా ఉంది?

వదిన: భోజనం బాగుంది. ఆ ఎనిమిదిట్లో చెరువెక్కడ?

మరిది: రెండోది. బోటింగ్ అని రాశాగా.

వదిన: అది పడవ. నేనడిగేది చెరువు. ఆ ఊరు పుట్టిందే దాని వల్ల, బతికేదీ దాని నీళ్ళతోనే. మీ హోటల్లో కుళాయి తిప్పితే వచ్చేవి ఆ నీళ్ళే. ఒడ్డున బోర్లు వేసి, నేలలోంచి వడకట్టుకుని వచ్చిన నీటిని తోడి ఊళ్ళోకి ఎక్కిస్తారు. మీ బస్సు జనం పొద్దున దాని మీద పడవెక్కుతారు, మధ్యాహ్నం దాన్నే మజ్జిగలో కలుపుకుని తాగుతారు. ఆ సంగతి ఒక్క ముక్క చెప్పకుండా పంపిస్తావా?

మరిది: చెప్పడమంటే కొలతలు వెయ్యమంటారా కరపత్రంలో?

వదిన: వేస్తే ఏం పోయింది? సముద్రమట్టానికి 1,900 మీటర్ల పైన ఉంది. పొడవు సుమారు 1.4 కిలోమీటర్లు, వెడల్పు అర కిలోమీటరు లోపు. బాగా లోతైన చోట 27 మీటర్లు. అంతే. మన కంభం చెరువు ముందు కుంట.

మరిది: చూశారా, మీరే నా వ్యాపారాన్ని సమర్థిస్తున్నారు. కంభం చెరువు చూద్దామని తెనాలి నుంచి ఎవరైనా బస్సు కట్టించుకుంటారా? ఇది కుంటే కావచ్చు. కానీ చుట్టూ ఏడు కొండలండి. ఏడు కొండలంటే మనవాళ్ళకి వేరే చెప్పాలా! మే నెల్లో ఇక్కడ తారు కరుగుతుంటే అక్కడ పొద్దున్నే స్వెట్టరు వేసుకోవాలి. నీళ్ళలో తెరచాప పడవలు, ఒడ్డున దేవదారు చెట్లు. రేపల్లెలో కిరాణా కొట్టు నడిపే మనిషి, జన్మలో పదిరోజులు షట్టరు దించి ఎరగనివాడు, ఆ గాలి పీల్చి కళ్ళు మూసుకుంటాడు చూడండి, అది నేను చూశాను. దానికి కొలతలు లేవు.

వదిన: అది కాదన్నానా? కళ్ళు మూసుకున్నాక ఎప్పుడో ఒకప్పుడు తెరుస్తాడుగా. తెరిచినప్పుడు ఏం చూపిస్తున్నావన్నదే నా గొడవ.

మరిది: కథలు కూడా చెబుతానండి, బస్సులో మైకు పట్టుకుని. అత్రి, పులస్త్యుడు, పులహుడు ముగ్గురు మహర్షులూ దాహమేసి గొయ్యి తవ్వి మానససరోవరం నీళ్ళు రప్పించారనీ, అందుకే త్రిఋషి సరోవరమనీ పురాణం చెబుతాను. తర్వాత దొర కథ. షాజహాన్‌పూర్‌లో చక్కెర వ్యాపారం చేసే బ్యారన్ అనే ఇంగ్లీషువాడు 1841లో కొండలెక్కి తిరుగుతూ ఈ చెరువు చూసి మతిపోగొట్టుకున్నాడు. ఆ నేల మీద హక్కు నర్‌సింగ్ అనే అక్కడి పెద్దమనిషిది. ఇవ్వనన్నాడు. బ్యారన్ కింద నుంచి ఒక పడవ మోయించుకొచ్చి, ఆయన్ని సరదాగా షికారని నడిచెరువుకి తీసుకెళ్ళి, సంతకం పెడతావా, పడవ బోర్లా వెయ్యమంటావా అన్నాడట. ఆయనకి ఈత రాదు. పెట్టేశాడు. ఈ కథకి బస్సంతా నవ్వుతుంది.

వదిన: నవ్వాక? ఆ ఊళ్ళో మొదటి బోటింగ్ అంటే భూమి రాయించుకోవడం అని కూడా చెబుతావా?

మరిది: చెబుతానండీ! "నైనీతాల్‌లో మొదటి పడవ టికెట్టు ఊరంత ఖరీదు" అని నేనే కట్టిన మాట. మీరు నన్ను మరీ తక్కువగా చూస్తున్నారు.

(ఆ మాట వాడిదే. నాకూ తెలియదు వాడికంత తెలివుందని.)

వదిన: సరే, ఆ మాటకి నీకు మార్కులు వేశాను. ఇప్పుడు గుడి దగ్గరికి రా. "సతీదేవి కన్ను పడిన చోటు" అని రాశావు, బాగుంది. ఆ గుడి మొదట ఉన్న చోట ఇప్పుడు లేదని రాయలేదు.

మరిది: ఎందుకు లేదు?

వదిన: కొండ తీసుకుపోయింది. 1880 సెప్టెంబరు 18, శనివారం. గురువారం పట్టిన ముసురు వదల్లేదు. రెండు రోజుల్లో మనకి దాదాపు ఏడాదంతా పడే వాన పడింది. పొద్దున విక్టోరియా హోటల్ దగ్గర చిన్న చరియ జారి కొందరిని కప్పేసింది. వాళ్ళని తవ్వి తియ్యడానికి సిపాయిలూ, అధికారులూ, కూలీలూ పోగయ్యారు. మధ్యాహ్నం ఒకటిన్నర వేళకి పైనున్న కొండ పెద్ద ముక్క ఒక్కసారిగా కదిలింది. హోటల్నీ, తవ్వుతున్న మనుషుల్నీ, కింద అసెంబ్లీ రూమ్స్‌నీ, ఒడ్డునున్న గుడినీ తోసుకుంటూ చెరువులోకి దిగింది. నిమిషం కూడా పట్టలేదంటారు. 151 మంది పోయారు. వాళ్ళలో చాలామంది వేరేవాళ్ళని కాపాడదామని వెళ్ళినవాళ్ళు. ఆ మట్టి వచ్చి పడే ఫ్లాట్స్ మైదానం ఇప్పుడున్నంత వెడల్పైంది. గుడిని తర్వాత ఇప్పుడున్న చోట మళ్ళీ కట్టుకున్నారు.

మరిది: ఫ్లాట్సా! వదినా, మా చిన్న బళ్ళు ఆపుకునేది అక్కడే. పిల్లలు క్రికెట్ ఆడేది అక్కడే. భూటియా బజారు అక్కడే, మొమోలు అక్కడే. ఒక పక్క గుడి, దాన్నానుకుని గురుద్వారా, ఎదురుగా మసీదు. ఊరంతటికీ సందడి ఆ ఒక్క చోటే. అక్కడికి తీసుకెళ్ళి శవాల లెక్క చెప్పమంటారా, చేతిలో మొమో పట్టుకున్న మనిషికి?

వదిన: దినం పెట్టమనడం లేదు. తినమనే అంటున్నా. తింటూ తలెత్తి ఉత్తరపు కొండ వైపు చూడమంటున్నా. ఆ ఊళ్ళో చూడదగ్గవన్నీ ఆ కొండ జారడం దగ్గరికే పోతాయి. మల్లీతాల్ పైన సెయింట్ జాన్ ఇన్ ద వైల్డర్‌నెస్ అని చర్చి ఉంది. ఆ రోజు పోయినవాళ్ళ పేర్లు ఇత్తడి పలక మీద చెక్కించారు. దేవదారు చెట్ల మధ్య, గోల లేని చోటు. నీ ఎనిమిదిట్లో లేదు. 1899లో కట్టిన రాజ్‌భవన్ ఉంది, బొంబాయి విక్టోరియా టెర్మినస్ గీసిన స్టీవెన్స్ చేతిదే. దానికి ముందు గవర్నరు బంగళా షేర్ కా దండా కొండ మీద ఉండేది. నేల కుంగి గోడలు పగుళ్ళిస్తే వదిలేసుకుని దక్షిణపు వైపు వచ్చి దీన్ని కట్టుకున్నారు. గవర్నరంతటివాడే ఆ కొండని నమ్మక దిగొచ్చాడు. ఇవాళ ఆ కొండ మీద హోటల్ వేసి, "లేక్ వ్యూ రూము" అని రెట్టింపు తీసుకుంటున్నారు.

మరిది: లేక్ వ్యూ రూములే ముందు నిండుతాయి మరి. నేనేం చెయ్యను?

వదిన: ఇంకో సంగతి. దుర్ఘటన జరిగాక ఇంగ్లీషువాళ్ళు చేతులు ముడుచుకుని కూర్చోలేదు. కొండ జారడానికి కారణం లోపలికి ఇంకిన నీరని తేల్చుకుని, వానని ఇంకనివ్వకుండా కిందికి దింపడానికి కొండల నిండా రాతి కాలువలు కట్టారు. పెద్దవే అరవైకి పైగా, వాటిల్లోకి చేరే పిల్ల కాలువలు లెక్కకి రావు. నిలువు కొండ మీద నీరు ఉరికొస్తే కాలువ తెగుతుంది కదా, అందుకని మెట్లు మెట్లుగా దింపి, మలుపుల్లో గోడలు లేపి... ఆ పనితనం చూస్తే చెయ్యెత్తి దణ్ణం పెట్టాలనిపించింది నాకు. ఊరు నూటనలభై ఏళ్ళుగా నిలబడి ఉందంటే ఆ నాలాల పుణ్యం. హోటలు వెనక సందులోనే ఉంటుంది ఒకటి. ఎవరూ చూడరు.

మరిది: ఎవరూ చూడరు వదినా, ఎందుకంటే అది మురిక్కాలవ! పదివేలు కట్టి వచ్చిన మనిషిని తీసుకెళ్ళి మురిక్కాలవ చూపిస్తే నన్ను తెనాలి బస్టాండులో నిలబెట్టి అడుగుతారు.

వదిన: వానకాలవని మురిక్కాలవ చేసింది ఎవరు? ఇంటి చెత్తా, కట్టడాల మట్టీ, విరిగిన ఇటుకలూ అందులోకే. అవన్నీ మొదటి వానకి చెరువులో తేలతాయి. పూడిక పెరుగుతుంది, మీరు తాగేదీ అదే.

మరిది: అది మునిసిపాలిటీ సంగతి. నా యాత్రికుడు ఇటుక మోసుకుని పోలేదు.

వదిన: రొట్టె మోసుకుపోతాడుగా. గుడి దగ్గర మెట్ల మీద నిలబడి చేపలకి బ్రెడ్డు వేసేది ఎవరు? వెయ్యొద్దని బోర్డులు పెట్టినా పుణ్యమని వేస్తారు. చేప తిన్నంత తిని మిగతాది కుళ్ళుతుంది. ఆ నీళ్ళకి ఊపిరాడక 2007 నుంచి అడుగున గొట్టాలు వేసి, యంత్రాలతో గాలి ఎక్కిస్తున్నారు. ఒడ్డున నిలబడితే బుడగలు కనపడతాయి.

మరిది: ఆ బుడగలు చూపించి "చేపలు ఆడుకుంటున్నాయి" అంటాడు మా గైడు.

(ఇక్కడ ఇద్దరూ నవ్వారు. సంధి అనుకున్నాను. కాదు.)

వదిన: నీ పాయింట్ల సంగతి చూద్దాం. ఎనిమిదిట్లో వ్యూ అన్న మాట ఎన్నిసార్లొచ్చిందో చూసుకో. మే నెల్లో స్నో వ్యూ ఎక్కితే ఏం కనపడుతుంది? మసక. కింది పైన్ అడవుల్లో నిప్పంటుకుంటే ఆ పొగ కూడా. నందాదేవి 7,816 మీటర్ల శిఖరం, త్రిశూల్, నందాకోట్ వరసగా ఎదురుగా ఉన్నా సరే, నీ జనానికి కనపడేది రోప్‌వే టికెట్టు వరస.

మరిది: ఒక్కోసారి తెల్లారగట్ల కనపడతాయండి.

వదిన: తెల్లారగట్ల నీ జనం బస్సులో ఉంటారు, ఘాటు మలుపులకి కవర్లు పట్టుకుని.

మరిది: ...అది నిజమే.

వదిన: వానలు వెళ్ళాక, మన కార్తీకంలో వెళ్ళి చూడు. ఆకాశం కడిగిపెట్టినట్టుంటుంది. మంచుకొండలు ఆ చివర్నుంచి ఈ చివరిదాకా.

మరిది: ఆ మాటకోసమే కాచుక్కూర్చున్నా. కార్తీకంలో నా బస్సులెక్కడుంటాయో తెలుసా? అమరావతి, భీమవరం, పాలకొల్లు, ద్రాక్షారామం, సామర్లకోట. ఒక్క రోజులో పంచారామాలు. బస్సు ఖాళీ ఉండదు, నాకు నిద్ర ఉండదు. కార్తీక సోమవారం శివుణ్ణి వదిలేసి కొండ చూడ్డానికి ఏ ముత్తైదువ వస్తుంది?

వదిన: పోనీ దసరా. పిల్లలకి సెలవులేగా.

మరిది: దసరాకి ఇంటికి కూతురూ అల్లుడూ వస్తారు. ఇల్లు తాళం వేసి నైనీతాల్ పోతారా? అదీగాక దుర్గాపూజ సెలవులకి బెంగాలీలు బయల్దేరితే ఆ కొండల మీద గది దొరకదు. సంక్రాంతికంటారేమో, అక్కడ గడ్డకట్టే చలి, ఇక్కడ కోడిపందేలు. మీరు ఎటు తిప్పినా చివరికి తేలేది మే నెలే వదినా. బడులు మూసేది అప్పుడు, ఎండకి పారిపోవాలనిపించేదీ అప్పుడే. ఆ ఊరు పుట్టిందే అందుకు కదండీ? దొరలు ఎండకి పారిపోవడానికే కట్టుకున్నారు. 1862 నుంచి వాళ్ళ ప్రభుత్వం మొత్తం వేసవికి అక్కడికే ఎక్కేది. దొర పారిపోతే వేసవి రాజధాని, తెనాలివాడు పారిపోతే రద్దీనా?

(దీనికి ఆమె దగ్గర వెంటనే జవాబు లేదు. నా లెక్కలో ఇది వాడి గెలుపు.)

వదిన: దొరలు వందల్లో ఎక్కారు. నడిచో, డోలీల మీదో, గుర్రం మీదో. 1884 దాకా కాఠ్‌గోదాముకి రైలే లేదు. ఇప్పుడు 2011 లెక్కల్లోనే ఊరి జనం నలభై ఒక్క వేలు. వేసవి శని, ఆదివారాల్లో దాని మీద ఎంతమంది పడతారో నువ్వే చూస్తున్నావు. పోలీసులు రూసీ బైపాస్ దగ్గర, నారాయణ్ నగర్ దగ్గర బళ్ళు ఆపేసి షటిల్ బస్సుల్లో ఎక్కిస్తున్నారు.

మరిది: అవును, ఆ ఆపిన చోట ఎండలో మూడు గంటలు నిలబడేది నేనే.

వదిన: దొర చేసిన తప్పుకి నిన్ను శిక్షించమనను. కానీ నేల ఒకటే కదయ్యా. చెరువుకి పడమర అయార్‌పాటా వైపు సున్నపురాయి, పగుళ్ళ మయం. తూర్పున షేర్ కా దండా వైపు పలకరాయి, పొరలు పొరలుగా జారేది. మధ్యలో భూమి చీలిన గీత, దాని మీద చెరువు. ఆ ఒడ్డున మాల్ రోడ్డు, నీ షాపింగు. 2018 ఆగస్టులో లోయర్ మాల్ రోడ్డు ముక్క ఒకటి విరిగి చెరువులో పడింది. 2024 ఆగస్టులో టిఫిన్ టాప్ మీద డొరోథీ సీటు పోయింది, భార్య జ్ఞాపకంగా ఒక సైనికాధికారి కట్టించిన రాతి చప్టా. తరతరాలు దాని మీద కూర్చుని ఉప్మా తిన్నారు. రాత్రికి రాత్రి బండతో సహా లోయలోకి వెళ్ళిపోయింది. అంతకుముందు నీ కరపత్రంలో ఉండే ఉంటుంది.

మరిది: ఉంది. ఆరో పాయింటు. ఈసారి తీసేసి లవర్స్ పాయింట్ వేశాను.

వదిన: చూశావా, ఒక చూడదగ్గ చోటు పడిపోతే నువ్వు ఇంకొకటి వేసుకున్నావు. ఎందుకు పడిందని మాత్రం ఎవరికీ చెప్పలేదు.

మరిది: చెబితే రారండి! అక్కడున్నది అసలు గొడవ. మీరు చెప్పేదంతా నిజమే అనుకోండి. విని రేపల్లె కొట్టాయన మానుకున్నాడు, ఇంకొకాయన మానుకున్నాడు. ఆ ఊళ్ళో తెడ్డేసే మనిషి సంగతి? ఈ-రిక్షావాడు, స్వెట్టర్లల్లే ఆడమనిషి, రంగు కొవ్వొత్తులు పోసి అమ్మే కుటుంబాలు? వాళ్ళకి సీజనులో వచ్చిందే ఏడాది తిండి. 2020 వేసవిలో ఆ ఊరికి పురుగు రాలేదు. చెరువు తేటపడిందని ఫొటోలు పంపించి అందరూ మురిసిపోయారు. నాకు మాత్రం ఒక పడవాయన ఫోను చేశాడు. ఆయన చెరువు తేట గురించి మాట్లాడలేదు. మీకు తేట నీళ్ళు కావాలి, ఆయనకి నిండు పడవ కావాలి. ఇంజనీర్లు నీటిమట్టం గేజీ చదువుతారు, పడవ చదవరు.

వదిన: చదువుతాం. 2016, 2017 వేసవుల్లో ఆ గేజీ సున్నా కిందికి దిగింది. సున్నా అంటే చెరువెండిపోయినట్టు కాదు, కానీ అంచుల్లో బురద బయటపడి, పడవలు ఒడ్డుకి రాలేక, పిల్లలు ఆ బురదలో ఆడుకున్నారు. అప్పుడు నీ పడవాయన ఫోను చెయ్యలేదా?

మరిది: చేశాడు.

వదిన: మరి! ఆయన పడవా, నా గేజీ వేరు కాదు. ఎందుకు దిగిందంటావా? చలికాలపు వానలూ మంచూ తగ్గాయి, అదొకటి. పైన సూఖాతాల్ అని ఇంకో గుంట ఉంది. వానాకాలం నిండి, మిగతా రోజుల్లో ఎండి కనపడుతుంది. ఎండిందని ఇళ్ళు లేపారు, మట్టి పోశారు. ఆ గుంటలో నిండిన నీళ్ళే నేలలోంచి నెమ్మదిగా ఈ చెరువుకి ఊటగా దిగుతాయి. మన ఊళ్ళలో పైచెరువు పూడ్చేసి కింది చెరువెందుకు నిండడం లేదని జుట్టు పీక్కోవడం నేను ముప్ఫై ఏళ్ళు చూశాను. అక్కడా అదే జబ్బు. హైకోర్టు కల్పించుకుని సూఖాతాల్‌లో కట్టడాలు ఆపింది.

మరిది: అయితే సూఖాతాల్ కూడా చూపించమంటారు. ఎండిన గుంట.

వదిన: రోప్‌వే వరసలో రెండు గంటలు నిలబడేకంటే మేలు.

మరిది: మీతో ఇదే చిక్కు. సరదాకి వచ్చిన మనిషికి పరీక్ష పెడతారు. మనిషి అన్నాక ఒక్కోసారి ఏమీ తెలుసుకోకుండా కూర్చోవాలనిపిస్తుంది. మీరు ఉద్యోగంలో ఉన్నప్పుడు ఎల్టీసీ మీద పోయారు, అన్నయ్య బాతు పడవ తొక్కితే మీరు పక్కన కూర్చుని వేరుశనగకాయలు తిన్నారు. ఫొటో ఉంది మా ఇంట్లో.

(ఉంది. కాళ్ళు నొప్పులు పుట్టాయి నాకు. తొక్కింది నేనొక్కణ్ణే.)

వదిన: తిన్నాను, మళ్ళీ వెళ్ళినా తింటాను. కూర్చోవద్దనలేదే! నువ్వే కూర్చోనివ్వడం లేదు. ఎనిమిది చోట్లకి తరిమి, ప్రతిచోటా పదిహేను నిమిషాలిచ్చి, టాక్సీ హారను కొట్టించి... సరదా అంటే అదా? మూడు రాత్రులు ఆ ఒక్క ఊళ్ళోనే ఉంచు. పొద్దున చెరువు చుట్టూ నడిపించు, నాలుగు కిలోమీటర్లుంటుందేమో, మోకాళ్ళ నొప్పులవాళ్ళు కూడా నిమ్మళంగా తిరిగొస్తారు. తల్లీతాల్ కొసన అలుగు దగ్గర ఆపు. వానాకాలంలో నిండితే అక్కడ గేట్లెత్తి వదులుతారు. ఆ నీళ్ళు బలియా నాలాగా కిందికి పోతాయి. దాని గట్లు ఇప్పటికీ కోసుకుపోతున్నాయి, పక్కనున్న కుటుంబాలని ఖాళీ చేయించాల్సి వచ్చింది. పైన మాల్ రోడ్డు దీపాలూ, కింద ఆ కోతా, రెండూ చూసినవాడు ఊరు చూసినట్టు.

మరిది: మూడు రాత్రులంటే ధర రెండింతలు. మే నెల్లో అక్కడ గది అద్దె తెలుసా మీకు? కొట్టాయన రాడు. కార్లున్న హైదరాబాదువాళ్ళే వస్తారు, విమానంలో ఢిల్లీ దిగి. అంటే తీరిగ్గా చూడ్డం డబ్బున్నవాడికి, పరుగెత్తడం లేనివాడికి. మీ పద్ధతిలో కొండకి మేలు జరుగుతుందేమో గానీ, కొట్టాయనకి జన్మకి నైనీతాల్ ఉండదు.

వదిన: ...గదులు కింద తీసుకో. భీమ్‌తాల్‌లో, నౌకుచియాతాల్‌లో. అవీ చెరువులే, అద్దెలూ తక్కువ. భీమ్‌తాల్ దీనికంటే పెద్దది, మధ్యలో దీవి కూడా ఉంది. కట్ట 1883లో కట్టారు, రాతి కట్టడం, దాని పొందిక...

మరిది: కట్ట సంగతి తర్వాత. ఇప్పుడు మీరన్నది ఏమిటో విన్నారా? నైనీతాల్ నిండిపోయింది, భీమ్‌తాల్‌ని నింపు అంటున్నారు. అక్కడ బస్సులు పోతే హోటళ్ళు లేస్తాయి, బోర్లు పడతాయి. పదేళ్ళకి ఇంకో వదిన ఇంకో మరిదికి భీమ్‌తాల్ గేజీ గురించి చెబుతుంది.

వదిన: (కాసేపాగి) అది నిజమే. అప్పటికి ఆ గేజీ కనిపెట్టి చూసుకునేవాళ్ళు ఉండాలి. వచ్చేవాళ్ళు దాన్ని అడిగి చూస్తే, చూసుకునేవాళ్ళూ ఉంటారని నా ఆశ. ఎవరూ అడగనిదాన్ని ఏ ఆఫీసూ పట్టించుకోదు. ఆఫీసులో పనిచేశాను గనక చెబుతున్నా.

మరిది: వదినా, ఈ మే బ్యాచికి అడ్వాన్సులు తీసేసుకున్నాను. రాత్రులు మార్చలేను, ఊరు మార్చలేను. పాయింట్లు మార్చగలను. కేవ్ గార్డెన్ కొట్టేస్తున్నా. పాకుతూ దూరాలి, మన ముసలాళ్ళ వల్ల కాదు. లవర్స్ పాయింట్ కూడా. అక్కడ కనపడేదీ లోయే, చర్చి దగ్గరా లోయే. రెండు ఖాళీలొచ్చాయి. ఒకటి చర్చిలో ఇత్తడి పలక. రెండోది మీ అలుగు.

వదిన: నాలా?

మరిది: నాలా వద్దు. హోటలు వెనకే ఉందన్నారుగా, నేను పళ్ళు తోముకుంటూ చూపిస్తాలెండి.

వదిన: కైంచీధామ్?

మరిది: అది మాత్రం కదిలించొద్దు. నీమ్ కరోలీ బాబా ఆశ్రమమని చెప్పగానే సగం టికెట్లు అమ్ముడయ్యాయి. స్టీవ్ జాబ్స్ ఆ బాబాని వెతుక్కుంటూ వచ్చాడని కింద చిన్నక్షరాల్లో వేశా, అమెరికాలో ఉన్న పిల్లలు అమ్మా నాన్నలకి డబ్బు పంపింది ఆ లైను చూసే.

వదిన: వచ్చేసరికి బాబా పోయారు, అదీ వెయ్యి.

మరిది: చిన్నక్షరాల్లో చోటు లేదు.

వదిన: అలుగుని "పాయింట్ నంబర్ ఏడు" అని రాస్తున్నావేమిటి? అలుగు పాయింటేమిటయ్యా?

మరిది: పాయింట్ అంటేనే బస్సు దిగుతారు. "అలుగు, తూము, గేజీ" అని రాస్తే లోపలే కూర్చుని జంతికలు తింటారు. మీకు వాళ్ళు దిగడం కావాలా, పేరు కావాలా?

వదిన: దిగడమే కావాలి. ఎంతసేపు ఆపుతావు?

మరిది: పదిహేను నిమిషాలు.

వదిన: గంట.

మరిది: గంటా! తల్లీతాల్ కూడలి అది, బస్‌స్టాండు పక్కన. గంట ఆపితే పోలీసు నన్ను ఆపుతాడు.

వదిన: ముప్పావు గంట. గేజీ చదవడం నేర్పాలి, అడుగుల్లో ఉంటుంది.

మరిది: అరగంట. ఫొటోలతో కలిపి.